మిల్లు దగ్గర దిగేవాళ్ళు

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, కర్రపెండలం మిల్లు మలుపులో, మెట్రో కాంట్రాక్టరు పెట్టిన ఆకుపచ్చ కోట్ల కాపలావాళ్ళు వామూసా నడుపుతున్న గ్బాకాని ఆపారు. పద్దెనిమిది సీట్ల ఆ బండిలో నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఒకడు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కున్నాడు. ఎక్కబోతున్న నాసెనెబాను ఇంకొకడు వెనక్కి నెట్టాడు. ఆమె తలమీది గిన్నె జారింది. మధ్యాహ్నం బజారులో అమ్మాల్సిన అచ్చెకె, కర్రపెండలం తురుముతో వండింది, ఆవిరి ఇంకా పోకముందే, బురదలో పడింది.

"ఇక్కడ ఎక్కకూడదు," అన్నాడు తాళంచెవి ఉన్నవాడు.

"ఎందుకెక్కకూడదురా? మీ అమ్మ ఎక్కడెక్కుతుంది?" అంది నాసెనెబా.

"స్టాపు లేదు. కావాలంటే చూసుకో."

జేబులోంచి మ్యాపు తీశాడు. అబోబోలోని మా స్టాండు నుంచి రాబోయే మెట్రో స్టేషను దాకా ఒక నల్ల గీత. గీత మీద ఒక్క చుక్క లేదు. కింద ఒక వాక్యం అచ్చేశారు. "ఈ దారిలో స్టాండు దాటాక ప్రయాణికులు ఎక్కరు, దిగరు."

ఆ వాక్యం నాకు తెలుసు. అది నేను రాసిందే.

నాసెనెబా వెనక వరసలో నా భార్య అమెనాన్ నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసింది.

అంతకు ఏడాది ముందు ముగ్గురు కుర్రవాళ్ళు సర్వే కాగితాల కట్టలతో స్టాండుకు వచ్చారు. మెట్రో వస్తోందని, దానికి మా బండ్లను కలుపుతారని, అందుకే ఎక్కడెక్కడ ఆపుతారో చెప్పమని అడిగారు. మా ఊళ్ళో "ఎక్కడ ఆపుతావ్?" అని డ్రైవరును అంతవరకు అడిగింది పోలీసు ఒక్కడే. నిజం చెప్పిన ప్రతివాడూ జరిమానా కట్టాడు.

రేకుల షెడ్డు కింద డ్రైవర్లంతా చేరారు.

"కలుపుతారట! మేకని కత్తితో కలిపినట్టు," అన్నాడు వామూసా. "మాస్టారూ, నువ్వు రాయి. మధ్యలో ఎక్కడా ఆపం. రూలు ప్రకారం వెళ్తాం. బుద్ధిమంతులం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలభై మూడు కాగితాల మీద ఆ మాటనే "ప్రయాణికులు ఎక్కరు, దిగరు" అని, ఒక్క అక్షరం తప్పు లేకుండా, మంచి చేతిరాతతో రాశాను. డ్రైవర్లు సంతకాలు పెట్టారు.

ఆ సాయంత్రం అమెనాన్ కర్రపెండలం చెక్కు తీస్తూ అడిగింది. "మరి నేనెక్కడ దిగుతున్నాను?"

"కాగితం మీద నువ్వు దిగవు," అన్నాను.

కాపలావాళ్ళు వచ్చిన వారానికి రోడ్డు పొడవునా ఇనుప రేకుల గోడ లేచింది. గ్బాకాలు ఆగకూడదు. కాంట్రాక్టరు కొత్త బస్సులు వచ్చినా స్టాండు నుంచి స్టేషనుకు ఆగకుండా పోతాయి. మిల్లు వీధి ఆడవాళ్ళు తలమీద గిన్నెలతో రెండు కిలోమీటర్లు వెనక్కి, గోడకీ లారీలకీ మధ్య, స్టాండుకు నడవడం మొదలుపెట్టారు.

జూన్‌లో, వాన పడుతుండగా, ఇసుక లారీ ఒకటి అంచుకు జరిగింది. అమెనాన్ పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. గిన్నె చెక్కుచెదరలేదు. దాన్ని నాసెనెబా మా ఇంటికి తెచ్చి ఇచ్చింది.

ఖననం అయిన నాలుగో రోజు బడి గదిలో మీటింగు పెట్టారు. బెంచీలు చాలక జనం కిటికీలు పట్టుకుని నిలబడ్డారు. నేను లేచాను.

"ఆ కాగితాలన్నీ నేనే రాశాను. నా భార్య దిగే చోటును నా చేత్తో నేనే కొట్టేశాను."

"మాస్టారికి వాళ్ళేమిచ్చారో ముందు అది కనుక్కోండి," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నాసెనెబా గిర్రున తిరిగింది. "ఎవడ్రా అది? ఆయన ఏమిచ్చాడో కళ్ళారా చూశావు కదా, ఇంకా కనుక్కునేదేంటి?"

"మేం చెప్తేనే కదా ఆయన రాసింది," అన్నాడు వామూసా తల వంచుకుని. "తప్పు మాది."

"తప్పు, తప్పు అని ఏడవడానికా ఇక్కడికొచ్చాం?" నాసెనెబా బెంచీ ఎక్కింది. "సరే, అబద్ధమాడాం. వాళ్ళు నమ్మారా? అది చెప్పండి. సర్వే ఆఫీసరు లాగో ప్రతి శుక్రవారం ఎక్కడ దిగేవాడు?"

గదిలో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ఆమె అన్నది నిజం. సర్వే జరిగిన మూడు నెలలూ లాగో మా గ్బాకాల్లోనే వచ్చేవాడు. "మిల్లు దగ్గర!" అని కేకేసి దిగి, అమెనాన్ బల్ల దగ్గర కూర్చుని, వేయించిన చేపతో అచ్చెకె తినేవాడు. వేళ్ళు నాకుతూ తినేవాడు.

"నా బండిలోనే దిగాడు," అన్నాడు వామూసా మెల్లగా. తర్వాత అతని గొంతు పెరిగింది. "వాడికి తెలుసు! మన అబద్ధం వాడికి కావాల్సొచ్చింది. మధ్యలో ఆగకపోతే సగం బస్సులే చాలు. కాంట్రాక్టరుకి అంతకంటే ఏం కావాలి?"

మరుసటి రోజు ఆరుగురం మెట్రో ఆఫీసుకు వెళ్ళాం. లాగో మా కాగితాలు ముందు పెట్టుకునే కూర్చున్నాడు.

"సంతకాలు మీవే కదా?"

"మావే," అన్నాడు వామూసా. "సార్, అమెనాన్ చేప ఎలా ఉండేది?"

లాగో ఫైలు మూశాడు. మళ్ళీ తెరిచాడు. "నేను తిన్నది వేరు. రిపోర్టు వేరు. ప్లానులోకి కాగితమే వస్తుంది. మళ్ళీ సర్వే అంటే రెండేళ్ళు." మా ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. "గురువారం పెద్దవాళ్ళు కొత్త బస్సులో దారి చూడటానికి వస్తున్నారు. దయచేసి అడ్డం రావద్దు."

"అడ్డమెందుకొస్తాం సార్?" అంది నాసెనెబా. "ఎవరి చోట వాళ్ళు నిలబడతాం."

ఆఫీసు మెట్లు దిగుతున్నంతసేపూ ఆ మాట గురించే వాదించుకున్నాం. మెట్లు అయిపోయేసరికి అది నిర్ణయమైంది.

గురువారం పొద్దున్నే గోడ రేకుల బోల్టులు విప్పి, రేకుల్ని వరసగా పక్కన పేర్చాం. ఒక్కటీ విరగ్గొట్టలేదు. తర్వాత ప్రతి మనిషీ తాను రోజూ దిగే చోట నిలబడ్డాడు. మసీదు గోడ దగ్గర కుట్టుపనివాళ్ళు. టైర్ల గుట్ట దగ్గర మెకానిక్కులు. ఎప్పుడో తీసేసినా పేరు పోని "చచ్చిన లారీ" దగ్గర మా బడి పిల్లలు, వాళ్ళ తల్లులు. ఖాళీ గీత మీద ఇరవై ఏడు చోట్ల జనం. మిల్లు దగ్గర ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య అమెనాన్ గిన్నె పట్టుకుని నేను.

వామూసా తన బండితో ముందు కదిలాడు, వెనక ముప్పై గ్బాకాలు. ప్రతి చోటా ఆగాయి. జనం ఎక్కారు, దిగారు, మళ్ళీ నిలబడ్డారు. వాటి వెనక పెద్దవాళ్ళు ఎక్కిన అద్దాల బస్సు కూడా ప్రతి చోటా ఆగాల్సి వచ్చింది. మిల్లు దగ్గర ఆగినప్పుడు అద్దం వెనక లాగో కనిపించాడు. అతను గిన్నెను గుర్తుపట్టాడు. కళ్ళు దించుకున్నాడు.

పోలీసు అధికారి వచ్చాడు. "నాయకుడెవరు?"

"ఇది క్యూ అన్నా. క్యూకి నాయకుడుంటాడా?" అంది నాసెనెబా.

అతను నా వైపు తిరిగాడు. చదువుకున్నవాడినని నా చొక్కా చెప్పి ఉంటుంది. "ఇక్కడేం చేస్తున్నావ్?"

"నా భార్య ఇక్కడ దిగుతుంది."

"ఇక్కడ స్టాపు లేదు."

"ఉంది. లేదని రాసింది నేనే. ఇప్పుడు కొట్టేస్తున్నాను. రాసుకోండి."

నన్నూ, బండ్లను ముందుండి నడిపిన వామూసానూ పోలీసు వ్యానులోకి ఎక్కించారు. గిన్నెను నాసెనెబా అందుకుంది. వ్యాను స్టాండు వైపు కదిలింది. వంద గజాలు పోయిందో లేదో, టైర్ల గుట్ట దగ్గర మెకానిక్కులు రోడ్డు మీదికి వచ్చి, రోజూ గ్బాకాని ఆపినట్టే, చేతులు చాచారు.

డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. బ్రేకు వేశాడు.

"తలుపు తియ్యన్నా!" బయట నుంచి అరుస్తున్నారు. "లోపల ఇద్దరే ఉన్నారు. చోటుంది, మేమూ ఎక్కాలి!"

తర్వాత మసీదు గోడ. తర్వాత చచ్చిన లారీ. అన్ని చోట్లా చేతులు చాచే ఉన్నాయి. పోలీసు వ్యాను అన్ని చోట్లా ఆగింది.