మూత బిగించిన సీసా

వట్టి నీళ్ళతో ఒళ్ళు రుద్దుకుని, ఉప్పుతో పళ్ళు తోముకుని, కాఫీ గిన్నె వైపు చూడకుండా ఆమె వంటగది దాటింది. పని ఉన్న రోజున సబ్బు లేదు, సెంటు లేదు, కాఫీ లేదు, ఉల్లిపాయ మాటే లేదు. బీరువాలో పెట్టిన బట్టలు కూడా పనికిరావు, తీగ మీద నుంచి తీసినవే తొడుక్కోవాలి. పెళ్ళైన కొత్తలో ఈ వరసంతా చూసి మొగుడు బిక్కమొహం వేశాడు. ఇప్పుడు అలాంటి రోజున తెల్లారగానే ఆయనే ఉల్లిపాయల బుట్ట తీసుకెళ్ళి బయట పెడతాడు.

ఆమె ఉద్యోగం వాసన చూడటం. ఫ్యాక్టరీల పక్కన, చెత్తగుట్టల పక్కన బతికేవాళ్ళు కంపు భరించలేకపోతున్నామని మొత్తుకుంటే, ఆ కంపు ఎంత, ఎక్కడిది, అందులో మనుషులు బతకొచ్చా అని తేల్చి చెప్పే చిన్న సంస్థ వాళ్ళది. ఆఫీసులో అందరూ ఆమెను ఎదురుగా మేడమ్ అని, వెనక ముక్కు అని అంటారు. పేరుకు తగ్గ ముక్కేమీ కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు దిగాక గుర్తుపట్టలేని మొహం ఆమెది, అందులో ఒదిగి కూర్చున్న చిన్న ముక్కు.

చెప్పులు వేసుకుంటూ అక్కకు ఫోన్ చేసింది.

"ఇవాళేనా?" అంది అక్క. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈలలా వినిపించింది.

"ఇవాళే అక్కా."

"వాడొస్తాడా?"

"రాక చస్తాడా."

"వాడి నోటితోనే అనిపించవే. ఎవరో రాసింది నాకొద్దు."

"అనిపిస్తాను. సాయంత్రం వచ్చి చెప్తాగా, ఉండు."

"ఎక్కడికి పోతాను, కాళ్ళున్నాయా నాకు?" అని నవ్వబోయి అక్క దగ్గులో పడింది. అక్క కూతురు ఫోన్ అందుకుని, "పడుకోబెడతాను పిన్నీ, నువ్వెళ్ళు," అని పెట్టేసింది.

అక్క ఇల్లు ఎముకల ఫ్యాక్టరీకి ఎదురుగా, రోడ్డుకు ఇవతల మొదటిది. అక్కడ ఎముకలు ఉడికించి జిగురు తీస్తారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెరిగింది ఆ ఇంట్లోనే. అక్క పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. వయసులో ఉండగా, జనం మాట వింటామని ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన సభలో అక్క లేచి నిలబడింది. కిటికీ తెరవలేకపోతున్నామని, పిల్లలు తిన్నది కక్కుకుంటున్నారని చెప్పింది. వేదిక మీదున్న కుర్ర ఆఫీసరు జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ కంపు మా ఫ్యాక్టరీది కాదమ్మా, మీ ఇళ్ళదీ ఒళ్ళదీను. ముందు శుభ్రంగా స్నానం చేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. అక్క ఆ పొద్దున రెండుసార్లు స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న చెల్లెలికి ఆ చెయ్యి చల్లబడటం తెలిసింది. ఆ తర్వాత అక్క చర్మం పగిలేదాకా సబ్బు రుద్దుకునేది. పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గరే ముళ్ళ మీద ఉన్నట్టు నిలబడి, ఎవరూ పిలవకముందే ఇంటికి వచ్చేసేది. ఆ మాట అన్నవాడికి సాయంత్రానికి గుర్తుండి ఉండదు. వాడు ఇప్పుడు ఆ ఫ్యాక్టరీకి పెద్ద మేనేజరు.

ఈ పని న్యాయం కోసమని సమావేశాల్లో తోటి ఉద్యోగులు చెబుతుంటారు. ఆమె కాదనదు. న్యాయం మంచిదే. ఆమెకు కావలసింది మాత్రం వాడి ముక్కు పిండి ఆ మాట వెనక్కి తీసుకునేలా చేయడం. ఆ కసితోనే ఈ ఉద్యోగంలో చేరింది, ఆ కసి తీరాలంటే తూకం తప్పకూడదని కూడా నేర్చుకుంది. ఒక్క అబద్ధం దొర్లినా వాడు దర్జాగా ఒడ్డున పడతాడు. అందుకే తన అక్క అక్కడ ఉంటుందని, ఫ్యాక్టరీ లైసెన్సు సంగతి తేల్చే కమిటీకి ముందే చెప్పేసింది. ఇవాళ ఆమె తీర్పు చెప్పదు, మూతలు తీసి పెడుతుంది, అంతే.

ఎవరైనా వాసన చూడటానికి వస్తున్నారంటే ఫ్యాక్టరీ ఆ రోజు బాయిలర్లు ఆర్పేసేది. వచ్చినవాళ్ళు ఖాళీ గాలి పీల్చుకుని, బాగానే ఉందని రాసి వెళ్ళేవారు. ముక్కు మేడమ్ దానికి విరుగుడు కనిపెట్టింది. గాలి పారిపోతుంది గానీ బట్ట పారిపోదు. ఉతికిన ఉన్ని గుడ్డముక్కలు తెచ్చి చుట్టుపక్కల ఇళ్ళల్లో, బడిలో, ఊరి అవతలున్న మేనేజరు బంగళాలో కూడా వారాల తరబడి తగిలించింది. తర్వాత వాటిని వెడల్పు మూతి గాజు సీసాల్లో పెట్టి మూత బిగించారు. గుడ్డముక్కలే కదా అని కంపెనీ నవ్వుతూ ఒప్పుకుంది. ఏ సీసాలో ఎక్కడి గుడ్డ ఉందో కమిటీ అధ్యక్షురాలికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాసన చూసే గదికి కిటికీలు లేవు. తెల్లటి గోడలు, పొడవాటి బల్ల, దాని మీద సీసాల వరస. నియమాలన్నీ ముక్కు మేడమ్ రాసినవే. సెంటు పూసుకున్నదేదీ లోపలికి రాకూడదు. ఫోన్లు బయట పెట్టాలి. ఆఖరి సీసా మూత పడేదాకా ఎవరూ గది దాటకూడదు. ముక్కుకు ఏదీ అడ్డం పెట్టుకోకూడదు. ఈ చివరి నియమం రాసేటప్పుడు ఆమెకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మేనేజరు పొట్ట, బట్టతల, మంచి బూట్లతో వచ్చాడు. ఆమె మొహం చూశాడు గానీ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే ఆనాడు చూసి ఉండాలి కదా.

"రుమాలు ఇవ్వండి సార్, సెంటు వాసన వేస్తోంది," అంది చెయ్యి చాపి.

"దీన్ని కూడానా?" అని నవ్వుతూ ఇచ్చాడు. ఆమె దాన్ని ఒక ఖాళీ సీసాలో వేసి మూత బిగించింది. "వెళ్ళేటప్పుడు తీసుకోండి."

వాసన చూసేవాళ్ళు ముగ్గురు తమ లెక్కలు తాము వేసుకుంటూ పోయారు. నియమం ప్రకారం కంపెనీ మనిషి కూడా చూడొచ్చు. మొదట్లో అతను సరదాగానే చూశాడు. మూతలు తీస్తున్న కొద్దీ గది బరువెక్కింది. అతని చెయ్యి రుమాలు కోసం జేబులోకి వెళ్ళి ఖాళీగా వచ్చింది. రెండోసారీ వెళ్ళింది. ఆమె ఆ చేతినే చూస్తూ నిలబడింది. పీల్చరా, బాగా పీల్చు అని మనసులో అనుకుంది. వరస చివర్లో ఒక సీసా మీదికి వంగి అతను చప్పున వెనక్కి జరిగాడు.

"ఇది మోసం," అన్నాడు అధ్యక్షురాలితో. "ఇది ఇళ్ళల్లోది కాదు. మా ఉడకబెట్టే షెడ్డు లోపలిది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, నా ఫ్యాక్టరీ కంపు నాకు తెలీదా? ఎవరో లోపలికొచ్చి పెట్టారు."

"మీ ఫ్యాక్టరీదే, ఖాయమేనా?" అంది అధ్యక్షురాలు.

"ఎక్కడైనా గుర్తుపడతాను మేడమ్."

"రాసుకున్నాం. ఇది రోడ్డుకు ఇవతల మొదటి ఇంట్లోది. జబ్బు మనిషి మంచం పక్కన మేకుకు తగిలించింది."

అతను సీసాను దూరంగా నెట్టాడు. ఆ మేకు కొట్టింది ముక్కు మేడమే. వాడి నోటి నుంచే ఆ మాట వచ్చేసరికి ఆమె ఒళ్ళంతా వేడెక్కింది. ఇన్నేళ్ళలో అంత తృప్తి ఆమెకు ఎప్పుడూ కలగలేదు, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. "ఇంకా రెండున్నాయి సార్, చూడండి," అంది. చూడక తప్పలేదు అతనికి.

ఆఖరి మూత పడ్డాక అధ్యక్షురాలు ఫ్యాక్టరీ లైసెన్సు పొడిగించడం లేదని అక్కడికక్కడే చెప్పింది. మేనేజరు ఎవరినీ పలకరించకుండా, రుమాలు సంగతి మరిచిపోయి, గబగబా బయటికి నడిచాడు.

ఆమె కూడా గబగబానే నడిచింది. వాడు వాడి నోటితోనే అన్నాడక్కా అని చెప్పాలి. వరండాలో బుట్టలోంచి ఫోన్ తీసి చూస్తే, అక్క కూతురు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసినట్టు ఉంది.

"పిన్నీ," అంది ఆ పిల్ల, ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతుతో. "అమ్మ మధ్యాహ్నమే పోయింది. ఆఖరిదాకా నీ కోసం అడుగుతూనే ఉంది. ఎంత చేసినా నువ్వు ఎత్తలేదు."

"లోపల ఉన్నానే," అంది ఆమె. "ఫోన్ లోపలికి తీసుకెళ్ళకూడదు." ఆ నియమం ఎవరు రాశారో ఆ పిల్ల అడగలేదు. వస్తున్నానని చెప్పి, సంచీ కోసం మళ్ళీ గదిలోకి వెళ్ళింది.

గది ఖాళీ. పని అయిపోయింది కాబట్టి సీసాలు ఇక చెత్తలోకే. అక్క సీసా దగ్గరికి తీసుకుని మూత తిప్పింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకునేవారు. చీకట్లో కూడా అక్క పక్కనుందని వాసనతో తెలిసేది, ఎండలో వేడెక్కిన నూలు లాంటి వాసన. ఆ గుడ్డ ఇన్ని వారాలు అక్క తలగడ పక్కనే, అక్క ఊపిరి తగిలేంత దగ్గరగా వేలాడింది. ఆమె కళ్ళు మూసుకుని, ఇన్నేళ్ళు నేర్చిన విద్యంతా పెట్టి వెతికింది. ఎముకల కంపు. దాని కింద మళ్ళీ అదే. అక్క ఎక్కడా లేదు.

ఆ పక్కనే మేనేజరు రుమాలు సీసా ఉంది. దాని మూత తీసింది. సెంటు, గడ్డం గీసుకునే సబ్బు, కాస్త చెమట. వాడు వాడిలాగే ఉన్నాడు, చెక్కు చెదరకుండా. ఆమెకు ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న కోపమంతా వేళ్ళలోకి వచ్చింది. రుమాలు తీసి, మడత విప్పి, అక్క గుడ్డ చుట్టూ గట్టిగా చుట్టి, రెంటినీ అక్క సీసాలో కుక్కింది. చేతిలో ఉన్న బలమంతా పెట్టి మూత బిగించింది.

"మేనేజరుగారు రుమాలు మర్చిపోయారు. మనిషిని పంపిస్తే ఇది ఇవ్వు," అని అటెండరుకు చెప్పి, సంచీ భుజాన వేసుకుని ఆమె అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

బల్ల మీద, మిగతా సీసాలన్నీ తీసేశాక, అదొక్కటే ఉంది. లోపల తెల్లటి రుమాలు అంచున ఎర్ర దారంతో కుట్టిన అతని పొడి అక్షరాలు గాజుకు ఆనుకుని స్పష్టంగా కనిపిస్తున్నాయి.