కవ్వంతో చిలికిన వేపనూనె

పెళ్ళికి ముందు చదివిన బీఎస్సీ బాటనీ ఇందిరాదేవికి ముప్పై ఏళ్ళ తర్వాత అక్కరకొచ్చింది. కోడూరు దగ్గర తన పేరున ఉన్న ఎకరం మినుముకు పేనుబంక పట్టింది. లేత కొమ్మల చివర్లన్నీ నల్లటి పేలతో నిండిపోయి ఆకులు ముడుచుకుపోయాయి. పురుగుమందు వద్దని, వేపనూనె కొట్టిస్తానని ఆవిడ పట్టుబట్టింది.

"తలకి రాసుకుంటే పేలు పోతాయేమో గాని, చేనుకి రాస్తే పోతాయా?" అన్నాడు భర్త కాంతారావు. నలుగురిలో అన్నాడు కాబట్టి నలుగురూ నవ్వారు.

నూనె నీళ్ళలో కలవదు. అలాగే కొట్టిస్తే పైకి తేలిన నూనెంతా చివర్లో వచ్చి, ఆ చివరి మొక్కల ఆకులు మాడిపోతాయి. అందుకని ఇందిరాదేవి సబ్బుపొడి వేసిన గోరువెచ్చటి నీళ్ళలో నూనె పోసి, తెల్లగా పాలలా అయ్యేదాకా కవ్వంతో చిలికి, అప్పుడు స్ప్రేయరు ట్యాంకులో పోయించేది. ఆ కవ్వానికి మళ్ళీ వంటింటి ప్రవేశం లేదు. అయినా కాంతారావు నాలుకకి ప్రతి మజ్జిగలోనూ వేప చేదు తగులుతూనే ఉండేది.

ఎండ వాలాక ఒకసారి, వారం ఆగి మరోసారి కొట్టించింది. పేనుబంక ఒక్క దెబ్బకి చావలేదు. పిల్లలు పెట్టడం మాత్రం తగ్గింది. ఈలోగా ఎర్రటి వీపుమీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు దిగి, మిగిలినవాటిని తినడం మొదలుపెట్టాయి. ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్ళి, పెళ్ళిభోజనాల దగ్గర వడ్డన చూసుకునే మనిషిలా గట్టుమీద నిలబడేది.

పక్క అరెకరం కౌలుకి చేసే పోలమ్మ చేనుకీ అదే పురుగు. "మీది బాగుపడితే నేనూ నూనే కొడతానమ్మగారూ. మందు కొట్టినప్పుడల్లా రెండ్రోజులు కళ్ళు మండి మంచం దిగలేను" అంది. ఇందిరాదేవికి ఆ మాట బీఎస్సీ పట్టాకన్నా గొప్పగా అనిపించింది.

సంగతి తెలిసి బందరు నుంచి వ్యవసాయశాఖ ఆఫీసరుగారు శుక్రవారం రైతులను వెంటబెట్టుకుని చేను చూడ్డానికి వస్తానని కబురుపెట్టారు. గురువారం గుడ్లవల్లేరులో పినతల్లి మనవరాలి ఓణీల ఫంక్షను. "నువ్వెళ్ళి రా, ఇక్కడి ఏర్పాట్లు నేను చూసుకుంటాను" అన్నాడు కాంతారావు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది.

శుక్రవారం చేను కడిగిన కంచంలా ఉంది. ఒక్క పేను లేదు. ఇందిరాదేవి వంగి ఆకు తిప్పి చూసింది. అక్షింతల పురుగులూ లేవు. అవి మొక్కల మొదళ్ళలో వెల్లకిలా పడి ఉన్నాయి. మందు వాసన ఇంకా పోలేదు.

"ఏం చేశారండీ?" అంది గొంతు తగ్గించి.

"అక్కడక్కడా పురుగు మిగిలింది. నలుగురూ వచ్చేచోట పరువు పోదూ?"

"నలుగురినీ నవ్వించిన రోజు పోలేదా?"

టెంటు కింద ఆఫీసరుగారు ఆవిడ చేతికి మైకిచ్చారు. ముందు వరసలో పోలమ్మ కూర్చుంది. ఇదంతా నూనె మహిమే అంటే, పోలమ్మ ఒకసారి కొట్టి తెల్లారేసరికి చేను ఇలా కావాలనుకుంటుంది. కాదంటే, తన చాకిరీ అంతా మట్టిలో కలుస్తుంది.

"వేపనూనె పనిచేస్తోంది, నెమ్మదిగా" అంది ఇందిరాదేవి. "నిన్న నేను ఊళ్ళో లేను. మావారు ఆగలేక పురుగుమందు కొట్టించారు. ఇప్పుడు మీరు చూస్తున్నది నూనె చేసిన పని కాదు."

 ఆఫీసరుగారు నవ్వి, "మేడమ్ గారు సార్ మీద జోకులేస్తున్నారు" అంటూ మైకు తీసుకున్నారు. ఫొటోకి కాంతారావును మధ్యలో నిలబెట్టి, చేతికి నూనె సీసా ఇచ్చారు.

జనం టిఫిన్ల వైపు కదిలాక పోలమ్మ వచ్చింది. "అందరిలో నిజం చెప్పారమ్మగారూ. మీరు కాబట్టి చెప్పారు."

ఒక్కరికైనా అర్థమైందని ఇందిరాదేవి ప్రాణం లేచొచ్చింది. "సాయంత్రం రా పోలమ్మా. నూనె నేనిస్తాను, కలపడం చూపిస్తాను."

"నూనె కాదమ్మా. ఒక్క రోజులో అంత శుభ్రంగా పోయిందంటే... అయ్యగారు కొట్టించిన ఆ మందు పేరేంటో చెబుదురూ. మీరైతే దాచరని వచ్చాను."

"మరి నీ కళ్ళు?"

"రెండ్రోజులేగా. చేను పోతే ఏడాదంతా ఏడవాలి."

వాదించి చూపించడానికి ఇందిరాదేవి చేలో ఒక్క అక్షింతల పురుగు కూడా మిగల్లేదు. భర్త దగ్గరికెళ్ళి పేరు అడిగి వచ్చింది. నోరు తిరగని పేరు కావడంతో పోలమ్మకి రెండుసార్లు చెప్పింది.