మొదటి కేసులో దొంగ

పొద్దున పుప్పాలగూడలో షేర్ ఆటో ఎక్కాలి, మాదాపూర్‌లో దిగాలి, మెడలో బ్యాడ్జీ వేసుకుని లిఫ్టులో పైకి పోవాలి, నిన్నటి చెమట వాసన పోయేదాకా, కళ్లను కప్పేసే హెడ్‌సెట్ తుడిచి తలకు తగిలించుకోవాలి. ఇదీ కృష్ణప్రియ కొలువు. అది తగిలించుకోగానే ఆమె నీలం డ్రెస్సు వేసుకుని గాల్లో ఎగిరే డిటెక్టివ్ అయిపోతుంది. హైటెక్ సిటీ మేడల మీద చక్కర్లు కొడుతుంది, దొంగల్ని పడుతుంది, ఎక్కడైనా గోడలోంచి చెయ్యి దూరిపోతే ఆట తయారుచేసేవాళ్లకు చెబుతుంది. ఆడుకుంటే జీతమిచ్చే కంపెనీ ఉందంటే వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. ఇప్పటికీ కొందరు నమ్మరు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు పోతే కృష్ణప్రియ మాత్రం హెడ్‌సెట్ తియ్యదు. ఆటలోనే సర్వీసు రోడ్డు మీద దిగి, వాళ్లమ్మ బుచ్చమ్మ పక్కన కూచుంటుంది.

బుచ్చమ్మ ఆటలోకి ఎట్లా పోయిందంటే, అదంతా ఒక తుమ్ము వల్ల. ఆట కోసం ఈ రోడ్లన్నిటినీ కెమెరా బండితో అచ్చుగుద్దినట్టు దింపుకున్నారు. ఆ రోజు మనుషులెవరూ ఉండొద్దని సెక్యూరిటీ వాళ్లు అందర్నీ పక్కకు పంపించారు. కంపెనీ ముందర మక్క కంకులు కాల్చి అమ్మే బుచ్చమ్మ కూడా లేచింది. అడుగు వేసిందో లేదో వెనక ఎవడో తుమ్మాడు. అదీ ఒంటి తుమ్ము. తుమ్మాక అట్లనే పోతారా ఎవరైనా? కాసేపు కూచుని, గుక్కెడు నీళ్లు తాగి కదలాలి కదా. బుచ్చమ్మ కూచుని బాటిల్ ఎత్తింది. అదే సమయానికి కెమెరా బండి ముందునుంచి పోయింది. పోయాక చూస్తే రోడ్డు మీద బుచ్చమ్మ లేదు, బొగ్గుల పొయ్యీ లేదు. ఆటలో ఉన్నాయి.

దీనికి ఎవరూ పెద్దగా హైరానా పడలేదు. రేషన్ డీలర్ ఎల్లేశం మాత్రం, ఆటలో ఉన్నా ఆకాశంలో ఉన్నా వేలిముద్ర పడందే బియ్యం రావని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆఫీసులో ఏసీ గాలి నిండా కాలిన కంకుల వాసన. టెస్టర్లంతా సాయంత్రం పూట హెడ్‌సెట్లు పెట్టుకుని పోయి తలా ఒక కంకి తిని వచ్చేవాళ్లు. నిమ్మకాయతో రుద్దిన ఉప్పూ కారం పెదాలకు అంటుకునే బయటికి వచ్చేది.

వారం మొదట్లో టీమ్ లీడ్ రవికిరణ్ కృష్ణప్రియను మీటింగ్ రూములోకి పిలిచాడు. కాకినాడ మనిషి, కసురుకోవడం చేతకాదు. కుర్చీ చూపించి, మెల్లగా చెప్పాడు. శుక్రవారం ఆట రిలీజ్. ఆట మరీ బరువైపోయి నెమ్మదిగా నడుస్తోందని, కేసులతో సంబంధం లేని మనుషులందర్నీ తీసెయ్యమని క్లయింటు చెప్పాడట.

"అందర్నీ అంటే మా అమ్మను గూడనా సార్?" అంది కృష్ణప్రియ.

రవికిరణ్ తీసెయ్యాల్సినవాళ్ల లిస్టు ఆమె ముందుకు జరిపాడు. అందులో బుచ్చమ్మ కూడా ఉంది.

ఆ పిల్లకు తండ్రి లేడు, తోబుట్టువులు లేరు. ఉన్నదల్లా ఆ తల్లి. అప్పటికప్పుడు హెడ్‌సెట్ పెట్టుకుని, తల్లిని చంటిపిల్లలా ఎత్తుకుని ఎగిరింది. తెల్లాపూర్ దాటాక ఆటలోని ఊరు అయిపోతుంది. అక్కడినుంచి అంతా సున్నం కొట్టినట్టు తెలుపు. ఆ తెలుపులోకి కూతురి చెయ్యి దూరింది గానీ, తల్లి చేతివేళ్లు ఉప్పురాళ్లలా కరగడం మొదలుపెట్టాయి. కృష్ణప్రియ కెవ్వుమని తల్లిని వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత ఆ వేళ్లకు రంగు తిరిగిరాలేదు.

రవికిరణ్ కాళ్లావేళ్లా పడింది. ఆయన మాత్రం ఏం చెయ్యగలడు? అయినా ఆ కంకుల రుచి ఎరిగినవాడు కాబట్టి రెండ్రోజులు తల బద్దలుకొట్టుకుని ఒక దారి కనిపెట్టాడు. మొదటి కేసులో మెట్రో రైలు మాయమైపోతుంది. ఎత్తుకుపోయిన దొంగ మొహం క్లయింటుకు నచ్చక తీసేశారు, ఆ చోటు ఖాళీగా ఉంది. దొంగ లేనిదే కేసు ఉండదు కాబట్టి ఆ చోట ఉన్న మనిషిని ఎవరూ కదిలించరు. కాకపోతే ఆ మనిషి, డిటెక్టివ్ అడిగినప్పుడు, తన నోటితో నేనే తీశానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తప్ప ఆ మనిషిని ఆట దొంగగా లెక్కలోకి తీసుకోదు.

కూతురు చెప్పింది విని బుచ్చమ్మ ముందు పడీ పడీ నవ్వింది. "గంత పెద్ద రైలును వట్టుకపోయి నేనేం జేస్కుంట బిడ్డా? ఏడ పెట్టుకుంట?" అంది. తర్వాత సంగతి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది.

ఆమెకు ఆ మాట ఎంత బరువో కృష్ణప్రియకు తెలుసు. బుచ్చమ్మ ఒకప్పుడు పుప్పాలగూడలో అపార్టుమెంట్లలో ఇళ్లు తుడిచేది. ఆ అపార్టుమెంట్లు లేచిన భూమిలో ఆమె అత్తగారు జొన్నలు పండించిందని అక్కడ ఎవరికీ తెలియదు. ఒక ఇంట్లో బంగారు గాజు కనబడలేదు. ఒప్పుకుంటే వదిలేస్తామని కింద లిఫ్టు ముందర నిలబెట్టారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తున్నా, బడినుంచి వచ్చిన కూతురు చూస్తున్నా, పొద్దుగూకేదాకా నిలబడింది తప్ప ఒప్పుకోలేదు. గాజు తర్వాత వాషింగ్ మెషిన్లో దొరికిందట. దొరికిందని చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. బుచ్చమ్మ మాత్రం నిలబెట్టిన మర్నాడే ఆ పని మానేసి కంకుల పొయ్యి పెట్టుకుంది.

"నన్ను తీసేస్తే తీసెయ్యనీ. దొంగనని మాత్రం నా నోటెంబడి రాదు" అంది బుచ్చమ్మ. అని కంకి తిప్పింది.

కృష్ణప్రియ బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. హెడ్‌సెట్లో కన్నీళ్లు నిండి అద్దాలు మసకబారితే తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ తల్లి మొండితనం మామూలుది కాదు మరి.

శుక్రవారం మధ్యాహ్నం తీసివేత మొదలైంది. తెల్లాపూర్ వైపునుంచి వస్తోంది. బస్టాపులో ఆడమనిషి పోయింది, టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లు పోయారు, హెల్మెట్ తుడుచుకుంటున్న డెలివరీ పిల్లవాడు పోయాడు. చప్పుడేమీ లేదు. దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు రోడ్డంతా ఖాళీ అవుతూ వస్తోంది. రవికిరణ్ కూడా హెడ్‌సెట్ పెట్టుకుని, నీలం డ్రెస్సులో వచ్చి పక్కన నిలబడ్డాడు. బొగ్గుల పొయ్యి ఒక పక్కనుంచి చెరిగిపోతోంది.

కృష్ణప్రియ తల్లి ఒడిలో తల పెట్టేసింది.

"రేపటి సంది ఈడికొస్తే ఎవల మొకం జూడాలెనే? నీ పరువు నువ్వు తీస్కపోతవు. నాకేం మిగులుతది? నువ్వు దొంగవైనా నాకు గావాలె."

బుచ్చమ్మ రంగులేని వేళ్లతో కూతురి జుట్టు సర్దింది. సర్దుతూ సర్దుతూ రవికిరణ్‌కేసి తల ఎత్తింది.

"అడుగు సారూ" అంది.

రవికిరణ్ ఆమె ముందు గొంతుక్కూచుని, "అమ్మా, రైలు తీసింది మీరేనాండి?" అన్నాడు.

"నేనే. నేనే తీసిన."

చెరిగిపోవడం ఆమె చీర కుచ్చిళ్ల దాకా వచ్చి ఆగింది.

ఇప్పుడు ఆ ఆట ఎక్కడెక్కడో ఆడుతున్నారు. మొదటి కేసులో అందరూ బిల్డర్‌ను అనుమానిస్తారు, మెట్రో డ్రైవర్‌ను అనుమానిస్తారు, ఎటూ తేలక చివరికి కంకుల ముసలమ్మ దగ్గరికి వస్తారు. ఆమె వాళ్లను ముందు కూచోబెట్టి కంకి పెడుతుంది. తిన్నాక అడుగుతారు, ఒప్పుకుంటుంది. చేతులు చాపుతుంది, పట్టుకుపోతారు. ఆట మళ్లీ మొదలైతే మళ్లీ పొయ్యి దగ్గర ఉంటుంది. పొద్దంతా ఇదే పని.

ఆట మార్చినప్పుడల్లా మొదటి కేసు సరిగా నడుస్తోందో లేదో చూడాల్సింది కృష్ణప్రియ. మొదటిసారి పోయినప్పుడు, పొయ్యి పక్కన రోడ్డు అంచున కూచుంది. బుచ్చమ్మ చేతిలో విసనకర్ర ఆపకుండానే అంది.

"అందరికీ ఒప్పుకుంటున్న బిడ్డా. ఏం ఫికర్ లేదు. నువ్వు మాత్రం అడగకు."

కృష్ణప్రియ అడగలేదు. కంకి వలుచుకుని తింటూ కూచుంది. పక్కింటి సరోజమ్మ ఏమంటోంది, బోనాలకు ఎవరు వచ్చారు, ఇంట్లో నల్లా నీళ్లు వస్తున్నాయా లేదా, అన్నీ బుచ్చమ్మ అడిగి తెలుసుకుంది. కేసుకిచ్చిన గడువు ముగిసి, దొంగను పట్టుకోలేకపోయారు అని కళ్లముందు ఎర్రగా పడింది. కృష్ణప్రియ హెడ్‌సెట్ తీసి, మూతి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.