నడినెత్తి మీద తేలు

‘యల్లమ్మా’ అని పిలిస్తే ఆ పిల్ల వెంటనే తిరగదు. వీరస్వామి మొదట గమనించింది అదే.

చెరకు తోటలో ఒకసారి నీళ్ళ కుండ అందించమని పిలిచాడు. ఆమె చెరకు నరుకుతూనే ఉంది. చెవుడేమో అనుకున్నాడు. అంతలో దూరంగా తెల్లదొర గుర్రం సకిలించింది. దొరను ఇక్కడ అందరూ కులంబరు అంటారు. ఆ సకిలింపుకు అందరికంటే ముందు తలెత్తింది ఆమే. చెవుడు కాదన్నమాట. మరేమిటి?

వేరే ఎవరైనా అయితే వీరస్వామికి అక్కర లేకపోయేది. కానీ తమ్ముడు మునియ్య ఆ పిల్లనే చేసుకుంటానని భీష్మించుకు కూర్చున్నాడు. సబేటో లోయలో కూలీలుండే వరస గదుల్లో, ఈ లైన్లలో, మగవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు బహు తక్కువ. అన్నదమ్ములిద్దరూ గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీ వచ్చిన ఇన్నేళ్ళకు మునియ్యకు దొరికిన సంబంధం ఇదొక్కటే. మునియ్య అన్న మాట దాటడు. వీరస్వామి ‘ఊ’ అంటే పసుపుతాడు. ‘ఊహూ’ అంటే తమ్ముడి బతుక్కి ఇక ఇల్లూ వాకిలీ లేనట్టే.

‘ఊ’ అనేముందు, లైన్లలో జోస్యం చెప్పే అప్పన్నను అడిగాడు. పుట్టిన వేళ తెలియనివాళ్ళకు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం చూడటం మనవాళ్ళ ఆనవాయితీ. అప్పన్న వేళ్ళు మడిచి, పెదవి విరిచాడు.

“‘య’ అంటే జ్యేష్ఠ. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల పెనిమిటి అన్నకి గండం. మునియ్యకి అన్నెవుడు? నువ్వే గదా! ఆ పైన వృశ్చిక రాశి.”

“వృశ్చికమంటే?”

“తేలు, నాయనా!” అంటూ అప్పన్న అతన్ని వాకిట్లోకి లాక్కొచ్చాడు. అప్పుడే చుక్కలు పొడుస్తున్నాయి. “ఆ పేరు ఊరికే రాలేదు. ముందున్న మూడూ డెక్కలు. ఎర్రగా మెరిసేది గుండెకాయ. ఎనకాల వంకర తిరిగింది కొండి. పెద్దోళ్ళు చూసి తేలన్నారు. మన ఊళ్ళో అది దచ్చినాన తాటిచెట్ల మీదుగా పాకేది. ఇక్కడో? సూడు, సరిగ్గా నీ నడినెత్తి మీదే!”

వీరస్వామి గబుక్కున చూరు కిందికి జరిగాడు.

మర్నాడు ఆ పిల్ల మునియ్య చేత పప్పు పంపింది. వీరస్వామి ముందు కుక్కకు పెట్టాడు. కుక్క తిని, తోకాడించి, ఇంకా కావాలని చూసింది. అయినా అతను ముద్ద ముట్టలేదు. విషం మెల్లగా ఎక్కేదైతే?

రెండు రోజులకు చెరకు ఆకుల చెత్తలో అతన్ని జెర్రి కరిచింది. కాలు దిమ్మలా వాచింది. అప్పన్న వచ్చి చూసి నవ్వాడు.

“తేలు రాకముందే శుభలేక పంపిందిరా నీకు!”

ఆదివారం కుంటుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళాడు వీరస్వామి. ఆడవాళ్ళు బట్టలుతుకుతున్నారు. అవతలి గట్టు నుంచి ఎవరో “మంగమ్మా!” అని కేక వేశారు. పక్క లైనులో ఉండే మంగమ్మ తిరిగింది. ఆమెకంటే ముందు యల్లమ్మ తిరిగింది. తిరిగి, చటుక్కున తల వంచేసి, ఉతికిన బట్టనే మళ్ళీ ఉతకసాగింది.

మిగిలినవాళ్ళు వెళ్ళేదాకా ఆగి ఎదురుగా నిలబడ్డాడు.

“ఏటే, నీ పేరుకి పలకవు. పక్కదాని పేరుకి పలుకుతావు. ఎవత్తివి నువ్వు? నా తమ్ముడి కొంపలోకి ఎందుకొస్తన్నావు?”

ఆమె చేతిలో బట్ట జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. పట్టుకోలేదు.

“నా పేరే మంగమ్మ. మద్రాసులో ఓడెక్కించే డిపోలో యల్లమ్మనే మనిసి పారిపోనాది. మనిసి తగ్గిపోతే ఊరుకోరని ఏజెంటోడు దాని పేరున్న బిళ్ళ నా మెళ్ళో ఏసీసినాడు. నిజం సెప్తే జైలన్నాడు. కులంబరుకి తెలిస్తే నన్నేటి సేత్తాడో నాకు తెల్దు.”

“మునియ్యకి తెలుసా?”

“తెలుసు. మీకు సెప్దామంటే నానే ఒద్దన్నాను.”

వీరస్వామికి ఊపిరి తిరిగింది. పేరే ఆమెది కానప్పుడు తేలూ ఆమెది కాదు. అప్పన్నతో ఈ ఒక్క ముక్క చెబితే గండం పోయినట్టే. కానీ అప్పన్న చెవిలో పొద్దున పడ్డ మాట సాయంత్రానికి, కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు నోట్లో ఉంటుంది. అక్కడి నుంచి కులంబరు ఎంత దూరం?

“ఆ సుక్కలు తేలులాగున్నాయని ఎవులో తేలన్నారు,” అంది ఆమె. అప్పన్న జోస్యం ఆమె చెవిలోనూ పడినట్టుంది. “అవి ఎవుల్ని కుట్టినాయి? నన్నూ అలాగే యల్లమ్మన్నారు.”

వీరస్వామి నీళ్ళలోకి దిగి, రాయికి చిక్కుకున్న బట్ట తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కుంటుకుంటూ లైన్ల వైపు నడిచాడు.

ఆ సాయంత్రమే నలుగురిలో అప్పన్నను అడిగాడు. “యల్లమ్మకీ మునియ్యకీ ముహూర్తం పెట్టు.”

“మరి తేలు?”

“కుడితే నన్నే గదా కుట్టేది. నీకెక్కడ నొప్పి?”

అందరూ గొల్లున నవ్వారు. అప్పన్న గొణుక్కుంటూ వేళ్ళు మడిచాడు.

పెళ్ళినాడు సర్దారు కూడా వచ్చి కూర్చున్నాడు. తాళి కట్టాక వీరస్వామి కావాలనే గట్టిగా పిలిచాడు. “యల్లమ్మా!”

ఆమె వెంటనే తిరిగింది. “ఏం బావా?” అంది.

“ఏం లేదులే, అన్నం పెట్టు.”

ఈసారి కుక్కకు పెట్టకుండానే తిన్నాడు. పక్క వేసుకునే ముందు మాత్రం ఒకసారి ఆకాశం వైపు చూసి, గోనెపట్టా తీసి దబదబా దులిపాడు.

“ఏటన్నా, ఇంకానా?” అన్నాడు మునియ్య, గుమ్మంలోంచి.

“జెర్రులున్నాయిరా,” అన్నాడు వీరస్వామి, ఇంకోసారి దులుపుతూ.