తెర మీద రైలు

నా కూతురు పూనమ్ తలకు జిగట మందు పూసి వైర్లు అతికిస్తున్నారు.

"కరెంటు పెడ్తరా మేడం?" అని అడిగాను.

"కరెంటు కాదమ్మా. మెదడు ఎట్ల నడుస్తుందో కంప్యూటర్ చూస్తది. మనసు నిమ్మళమైతే తెర మీద బొమ్మ కదులుతది, అలజడైతే ఆగుతది. ఆడుకుంట ఆడుకుంట మెదడే నేర్చుకుంటది" అంది డాక్టర్ దేవకి.

మా రైల్వే క్వార్టర్ల వెనక పట్టాలు దాటితే బడి దగ్గర. అందరం అలాగే దాటుతాం. ఆ రోజు పూనమ్ ముందు దాటింది. వెనక వస్తున్న తమ్ముడు తుషార్ చెప్పు పట్టాల్లో ఇరుక్కుంది. పూనమ్ కళ్ల ముందే రైలు వచ్చేసింది. అప్పటినుంచి పిల్ల బడి మానేసింది. కూత వినబడితే మంచం కింద దూరుతుంది. నాందేడుకు ఈ యంత్రం కొత్తగా వచ్చిందంటే ఆశపడి వచ్చాం. దీనితో కూడా నయం కాకపోతే పుణె తీసుకెళ్లి ఆసుపత్రిలో ఉంచాలట.

మా ఆయన హన్మాండ్లు రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైల్వేవాడి పిల్లలకు పట్టాలు దాటొద్దని తెలియదా అంటారని, ఎవరడిగినా "యాక్సిడెంట్ల పోయిండు" అని ఊరుకుంటాడు. దేవకి మేడానికీ అంతే చెప్పాడు. తెర మీద పడవ పెట్టాలా, పతంగి పెట్టాలా, రైలు పెట్టాలా అని ఆమె అడిగితే, "మేం రైల్వేవాళ్లం మేడం, రైలే పెట్టుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ పరాయి మనిషి ముందు మొగుణ్ణి ఏమంటాను?

వారాలు గడిచినా ఆ రైలు అంగుళం కదలలేదు. చివరికి మేడం, "ఈ పిల్లకు పని చేస్తలేదమ్మా, పుణెకు తీస్కపొండ్రి" అనేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. "బిడ్డా, జర నిమ్మళంగ ఉండరాదే. ఆ రైలు కదిల్తె చాలు" అని బతిమాలాను.

"కదుల్తదమ్మా. మొదటి దినమే జరంత కదిలింది. నేనే ఆపిన."

"ఎందుకు బిడ్డా?"

"తమ్ముడు ఇంక పట్టాల మీదనే ఉన్నడు గద. నేను నిమ్మళమైతె రైలొస్తది."

ఇక ఎవరి పరువూ చూడలేదు. తుషార్ ఎలా పోయాడో మేడానికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. హన్మాండ్లు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మేడం గబగబా రైలు తీసేసి పడవ పెట్టింది.

పూనమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, రైలు ఏడికి పోయింది? కనబడకుంటె నేనెట్ల ఆపాలె?"