నురగ గూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. విఠల్ మొదటి పరీక్ష ఎప్పుడో గట్టెక్కాడు. కొండపల్లిలో రెండు పడకగదుల ఇల్లు, ముందు వరండా, వెనక బాదం చెట్టు. రెండో పరీక్షే ఏళ్ల తరబడి తప్పుతున్నాడు. నలభై దాటాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం, నెమ్మదైన మనిషి, ఒక దురలవాటు లేదు. అయినా సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. షిఫ్టు డ్యూటీలని ఒకరు, వయసని ఒకరు, ఇంట్లో అత్తామామలు లేరని ఒకరు. అత్తగారుందని జడిసేవాళ్లని చూశాం గానీ, లేదని జడిసేవాళ్లు విఠల్‌కే దొరికారు.

ఈ ప్రాంతంలో మాట ఖాయం చేసుకునే ముందు ఆడపిల్ల తరఫువాళ్లు వచ్చి ఇల్లు చూసుకుని వెళతారు. కాఫీ తాగుతూ కళ్లతోనే గోడలు కొలిచేస్తారు. కిందటి వేసవిలో వచ్చినవాళ్లు అన్నీ చూసి, ఇల్లు బాగుంది కానీ మనిషి అలికిడి లేదన్నారట. ఆ మాట మోసుకొచ్చింది విఠల్ పిన్ని కనకలక్ష్మి. ఆవిడ మైలవరంలో ఉంటుంది. అక్క పోయాక వీడి పెళ్లి తన నెత్తినేసుకుంది. ఇంట్లో ప్రాణమున్నది ఏదో ఒకటి పెట్టరా, వచ్చినవాళ్ల కంటికి కళగా ఉంటుంది అని పోరింది. కుక్కని తెస్తే డ్యూటీకి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు? విఠల్ బెజవాడ వెళ్లి ఓ గాజు తొట్టీ, అందులో ఒక ఫైటర్ చేపా తెచ్చుకున్నాడు. ముదురు నీలం ఒళ్లు, కుచ్చిళ్లు జారినట్టుండే పొడవాటి ఎర్ర తోక.

కొట్టతను జాగ్రత్తలేవో చెప్పబోతే విఠల్ సగంలోనే ఆపేశాడు, తమది చేపల చెరువుల ఇల్లని. అబద్ధం కాదు. వాళ్ల నాన్న కైకలూరు దగ్గర చెరువులు చేసినవాడు. విఠల్ గట్టు మీదే పెరిగాడు. వేల చేపల మధ్య పెరిగినవాడికి ఒక్క చేప ఒక లెక్కా అనుకున్నాడు. తెలియనివాడి తప్పుని ఎవరైనా దిద్దుతారు. తెలిసినవాడి తప్పుని దిద్దే నాథుడుండడు.

కొత్త తొట్టిలో చేప మొదట్లో మొక్క చాటునే దాక్కుంది. రంగు వెలిసింది. మేత వేస్తే మొహం తిప్పుకుంది. కొత్త చోటు కదా, కొన్నాళ్లు వదిలేస్తే అదే సర్దుకునేది. విఠల్ వదలలేదు. చెరువులో చేపలు గుంపుగా తిరుగుతాయి, మేత పడితే ఒకదాని మీద ఒకటి ఎగబడతాయి. ఇది ఒంటరిదై బెంగ పెట్టుకుందని తేల్చాడు. ఒంటరి బెంగ సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంకోదాన్ని తెద్దామంటే, రెండు మగ చేపల్ని కలిపితే కొట్టుకుచస్తాయని కొట్టతను చెప్పిన ఆ ఒక్క ముక్కా చెవిన పడింది. అందుకని తను గడ్డం గీసుకునే అద్దం తెచ్చి తొట్టికి ఆనించాడు. అంతే, చేప చాటు నుంచి దూసుకొచ్చింది. చెంపలుబ్బించి, రెక్కలన్నీ విప్పి, అద్దం ముందు అటూ ఇటూ ఒకటే తిరుగుడు. విఠల్ ప్రాణం లేచొచ్చింది. డ్యూటీకి వెళ్లేటప్పుడు కూడా తోడుంటుందని అద్దం అక్కడే ఉంచేవాడు.

తరవాత నురగ మొదలైంది. నీటి మీద ఒక మూల సన్నటి బుడగలు తెట్టులా కట్టాయి. చెరువు మీద నురగ కడితే నీరు చెడిందని లెక్క. ఒక ఏడు అలాగే నురగ కట్టి, తెల్లారేసరికి చెరువంతా చేపలు తేలాయి. నాన్న గట్టు మీద కూలబడి ఏడవడం విఠల్ కళ్లారా చూశాడు. ఇప్పుడూ అదే అవుతుందని, టీ వడకట్టే జల్లెడ పట్టుకొచ్చి నురగంతా తీసేశాడు. మర్నాటికి మళ్లీ కట్టింది. మళ్లీ తీశాడు. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడవక ముందే అదే పనైంది.

ఇంతలో కనకలక్ష్మి ఇంకో సంబంధం పట్టుకొచ్చింది. అమ్మాయి పేరు వేదశ్రీ, మైలవరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఒకసారి పెళ్లయి విడిపోయింది. ఫోటోలో ఆమె నవ్వడంలేదు, కెమెరా వంక నిలకడగా చూస్తోంది. విఠల్‌కి ఆ చూపు నచ్చింది. ఇన్ని సంబంధాల్లో ఏనాడూ నోరు విప్పి అడగనివాడు, ఇది కుదరాలి పిన్నీ అన్నాడు.

పెద్దవాళ్లని పంపకుండా ఆమె తనే ఇల్లు చూడడానికి వచ్చింది. వెంట మేనమామ అచ్యుతరామారావు, కనకలక్ష్మి. విఠల్ ఇల్లంతా తిప్పి చూపించాడు. చిన్న గది తలుపు తీసేటప్పుడు కాస్త సిగ్గుపడ్డాడు. గోడలకి లేతాకుపచ్చ రంగు, కటకటాలున్న బుల్లి మంచం, గూట్లో వరసగా కొండపల్లి బొమ్మలు. ఇల్లు కట్టినప్పుడే అమర్చిన గది అది. పిల్లలొస్తే ఉంటుందని, అన్నాడు. వేదశ్రీ గుమ్మంలోనే నిలబడి చూసి వెనక్కి తిరిగింది.

హాల్లోకి రాగానే విఠల్ అద్దం సరిచేశాడు. చేప ఆట చూపించాలని ఉబలాటం. ఆమె కాసేపు చూసి, అడక్కుండానే అద్దం తీసి బల్ల మీద బోర్లించింది.

"ఆట కాదండీ అది, కోపం. ఇంకో మగ చేప తన చోటులోకి వచ్చేసిందనుకుంటుంది. రోజంతా ఇలా ఉంచితే అలిసిపోతుంది పాపం."

ఇంతలో ఆమె చూపు నీటి మూలకి వెళ్లేసరికి విఠల్, పొద్దున్నే శుభ్రం చేశానని, మళ్లీ మురికి కట్టిందని సంజాయిషీ చెప్పుకున్నాడు.

"మురిక్కాదు, గూడు," అంది వేదశ్రీ. "గుడ్ల కోసం మగదే కడుతుంది. ఆడది లేకపోయినా కడుతుంది. హాస్టల్లో ఉన్నప్పుడు నా దగ్గరా ఒకటుండేది లెండి."

అచ్యుతరామారావు పకపకా నవ్వాడు. "బాగుందమ్మా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమనీ."

కనకలక్ష్మి నవ్వింది. విఠల్ కూడా నవ్వాడు. నవ్వుతూండగానే పిన్ని చూపు చిన్న గది తలుపు మీద పడింది. ఆ వెంటనే పెద్దాయన చూపూ అటే వెళ్లింది. నవ్వు ఠక్కున ఆగిపోయింది. పెద్దాయన కాఫీ గ్లాసులోకి చూస్తూ, ఎండలు బాగా ముదిరాయన్నాడు. విఠల్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది. చేప కోపాన్ని సంబరమనుకున్నాడు, చేప ఆశని మురికనుకుని రోజూ జల్లెడతో తోడిపోశాడు.

వెళ్లేటప్పుడు వేదశ్రీ గేటు దగ్గర ఆగి, తొట్టి మీద మూతేదైనా పెట్టమంది, అవి ఎగిరి బయటికి దూకుతాయని. ఈ ఇంటికి వచ్చినవాళ్లెవరూ వెనక్కి తిరిగి అలా ఒక మాట చెప్పి వెళ్లలేదు. విఠల్ దాన్ని శుభశకునమనుకున్నాడు. ఆ సాయంత్రమే మూత కొనుక్కొచ్చాడు, అద్దం స్నానాలగదిలో తగిలించాడు, జల్లెడ వంటింట్లో పెట్టేశాడు. నురగ రోజురోజుకీ దట్టమైంది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు.

చివరికి ఫోన్ ఆమే చేసింది. ముందు చేపెలా ఉందని అడిగింది. గూడు తీయడంలేదండీ అన్నాడు విఠల్ ఆత్రంగా. మంచిదంది.

"మీరు మంచివారండీ. ఈ మాట పెద్దవాళ్లతో చెప్పించడం ఇష్టం లేక నేనే చేశాను. మీ ఇంట్లో అన్నీ ముందే అమర్చేసి ఉన్నాయి. అందులో నేనెక్కడుండాలో నాకు తోచలేదు."

విఠల్ పరవాలేదండీ అన్నాడు. అలవాటైన మాట, తడుముకోకుండా వచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం వెళ్లి చిన్న గది తలుపు మూశాడు. ఇదివరకు వద్దన్నవాళ్లు వయసునో ఉద్యోగాన్నో వద్దన్నారు. ఈమె తను ప్రాణం పెట్టి కట్టుకున్నదాన్ని చూసి వద్దంది. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

ఆ ఆదివారం స్క్రూడ్రైవరు తీసుకుని చిన్న గదిలోకి వెళ్లాడు. బుల్లి మంచం మరలు ఇన్నాళ్లూ కదలక బిగుసుకుపోయాయి, ఒక్కొక్కటీ విప్పడానికి చెమట పట్టింది. కటకటాలు కట్టగా కట్టి అటక మీదికి ఎక్కించాడు. బొమ్మలన్నీ సంచీలో వేసి వీధి చివర అంగన్వాడీలో ఇవ్వడానికి గుమ్మం పక్కన పెట్టాడు. ఖాళీ గదిలో దగ్గితే గోడలు తిరిగి దగ్గాయి.

హాల్లోకి వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. చేప నురగ కింద తచ్చాడుతూ, ఊడిన బుడగల్ని నోటితో మళ్లీ అతికిస్తోంది. చేసిన పని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. పిన్నికి చెబితే ఏడుస్తుంది. చేయకూడని నంబరు ఒకటి ఫోన్‌లో ఉంది, దాని జోలికి పోలేదు. చివరికి చేపకే చెప్పాడు.

"నీది ఉంచానురా. నాది విప్పేశాను."