కడగడం ఎక్కడ ఆపాలి

"ఇదేం రంగు పిచ్చుకా, సబ్బు అరిగిపోతోంది గానీ ఇది మాత్రం కదలట్లేదు" అంటూ వదిన నా తెల్లకోటు చేతి అంచుని రాయికేసి రుద్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటున్నాను. ఇంట్లో అందరూ నన్ను పిచ్చుక అనే పిలుస్తారు, నోట్లోంచి మాట రాదని వెక్కిరింపుగా. ల్యాబ్‌లో నా పని రంగులతో. మణికట్టు దగ్గర గులాబీ మరక పడని రోజు ఉండదు. కోటు నాది, మరక నాది, ఉద్యోగం నాది, ఉతకడం మాత్రం వదినది. నేను పనిలో చేరిన రోజు "అది బయటికెళ్ళొచ్చే పిల్ల, దాని బట్టలు కూడా కాస్త చూస్తూ ఉండు" అని అమ్మ అంది. వదిన తలూపింది. అంతే, అలా నిర్ణయమైపోయింది.

వదిన రుద్దడం ఆపి, ముఖం భుజం వైపు తిప్పుకుని దగ్గింది.

"వచ్చిందమ్మా చుట్టం!" లోపల్నుంచి అమ్మ గొంతు. "బట్టల మూట కనపడితే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది ఈ దగ్గు."

"సినిమాకి వెళ్దామని చెప్పి చూడమ్మా, ఠక్కున ఆగిపోతుంది" అన్నాడు అన్నయ్య పేపర్ వెనకనుంచి.

వదిన కూడా నవ్వింది. నవ్వుతుంటే మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి రాయి పట్టుకుని వంగిపోయింది. వీపు మీద జాకెట్టు వదులుగా వేలాడుతోంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ జాకెట్టుకే హుక్కులు పట్టక, నేను వెనక నుంచి లాగుతుంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు అందులో ఇంకో మనిషి పడుతుంది. ఆ దగ్గు నేను విన్నదే. మా ల్యాబ్ కిటికీ బయట బెంచీ మీద, చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని కూర్చునేవాళ్ళు అలాగే దగ్గుతారు. లోపల ఏదో చిరిగినట్టు, దగ్గాక కాసేపు నేల వైపే చూస్తూ.

వాళ్ళు ఇచ్చే డబ్బాలు నా దగ్గరికే వస్తాయి. అందులోని కఫాన్ని పుల్లతో తీసి గాజు స్లైడు మీద పలచగా పూస్తాను. ఆరాక మంట మీద ఒకసారి చూపిస్తాను. ఎర్ర రంగు పోసి, కింద దీపం తిప్పుతూ, ఆవిరి లేచేదాకా వేడి చేస్తాను. మరగనివ్వకూడదు. ఆ దశలో స్లైడు అంతా ఎర్రగానే ఉంటుంది, ఏది రోగమో ఏది కాదో చెప్పలేం. తర్వాత యాసిడ్ పోసి ఆ ఎరుపుని కడిగేయాలి. అన్నీ రంగు వదిలేస్తాయి, టీబీ క్రిమి ఒక్కటి తప్ప. అది మొండిది. చివరికి నీలం రంగు వేస్తే, నీలం మధ్యలో ఎర్రటి సన్నటి పుల్లల్లా అవి తేలతాయి. మైక్రోస్కోపులో చూసి ఉందో లేదో చెప్పేది మా మేడమ్. చేరిన కొత్తలోనే ఆవిడ నాతో అన్నారు: "రంగు ఎవరైనా పోస్తారమ్మాయ్. కడగడం ఎక్కడ ఆపాలో తెలియాలి. మరీ కడిగావనుకో, ఎంత మొండి క్రిమైనా తెల్లబోతుంది. రోగమున్న మనిషిని ఏమీ లేదు పొమ్మని ఇంటికి పంపేస్తాం."

ఆ రోజు దారంతా నాకు ఒకటే ఆలోచన. వదిన ఇల్లు దాటి ఎక్కడికి వెళ్తుంది? కూరగాయల బండి వరకు, కుళాయి వరకు. ఆ డబ్బాల మధ్య తిరిగి ఇంటికొచ్చేది నేను. నా కోటు ఉతికేది ఆమె. మాస్కు తీసేసి టీ తాగిన రోజులు, చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తులేని రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంట్లో చిన్నది ఉంది, వదిన కూతురు. ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. రోజూ వాళ్ళమ్మ మెడలో ముఖం దూర్చితే గానీ నిద్రపోదు. నేనే తెచ్చానా? ఎవర్నైనా అడగడానికి కూడా భయమేసింది.

సాయంత్రం వదిన వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఖాళీ డబ్బా ఒకటి ఆమె చేతికివ్వబోయాను. "పొద్దున్న లేవగానే వచ్చే గళ్ళ ఇందులో పట్టివ్వు వదినా. నేను చూపిస్తాను."

ఆమె డబ్బాని చూసి, పాముని చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు పిచ్చుకా."

"లేకపోతే లేదని తెలుస్తుందిగా."

"ఉంటే?" గొంతు తగ్గించింది. "ఎదురింటి కోడల్ని ఏం చేశారో చూశావుగా. పుట్టింట్లో దింపేసి వచ్చారు. పిల్లాణ్ణి ఇక్కడే ఉంచుకున్నారు. ఆ రోజు మీ అన్నయ్య అన్నం తింటూ ఏమన్నాడో తెలుసా? 'మంచి పని చేశారు, నేనైనా అంతే చేస్తాను' అన్నాడు. నాకు కూర వడ్డించమని కంచం జరుపుతూ అన్నాడు." కాసేపు గరిటె తిప్పింది. "చిన్నది నన్ను వదిలి ఒక్క పూట ఉండలేదు. దానికంటే నేనే ఉండలేను."

నాకు మాటలు రావు. కానీ డబ్బా వెనక్కి తీసుకోలేదు, అక్కడే పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, కాగితంలో చుట్టి నా సంచిలో జారవిడిచింది. "ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టేయ్" అంది. వేశాను.

ల్యాబ్‌లో మిగతావన్నీ అయ్యేదాకా దాన్ని పక్కన పెట్టాను. ఆఖరికి ఒక్క స్లైడే మిగిలింది. ఎర్ర రంగు పోసి, దీపం తిప్పి, ఆవిరి చూశాను. యాసిడ్ పోశాను. ఎరుపు కరిగి తొట్టిలోకి జారింది. స్లైడు మీద లేత గులాబీ మిగిలింది. అక్కడ ఆపాలి. ఆ సంగతి నా చేతికి తెలుసు. కానీ ఆ గులాబీ రంగు చూస్తుంటే చిన్నది ఏడుస్తున్నట్టు, ఎవరో దాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడినట్టు అనిపించింది. మళ్ళీ పోశాను. ఇంకా ఏదో మిగిలినట్టే ఉంది. మళ్ళీ పోశాను. గాజు నీళ్ళలా అయ్యేదాకా చెయ్యి ఆగలేదు. అప్పుడు నీలం వేసి తీసుకెళ్ళి ఇచ్చాను.

మేడమ్ చాలాసేపు చూశారు. "ఏమీ లేదు. ఎవరిది?"

"మా ఇంట్లో వాళ్ళది మేడమ్."

"హాయిగా ఉండమను."

ఇంటికి పరిగెత్తాను. వంటింటి వెనక చెప్తే వదిన గోడకి ఆనుకుని, కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. తర్వాత ఆ సంతోషంలో తనే ఒట్టు సంగతి మర్చిపోయి, రాత్రి వడ్డిస్తూ అందరి ముందూ అనేసింది, పరీక్ష చేయించానని, ఏమీ లేదని.

"నేను చెప్పలేదూ?" అంది అమ్మ. "భూతద్దం పెట్టి వెతికినా దొరకని రోగం!"

"ఇకనుంచి దగ్గితే సర్టిఫికెట్ చూపిస్తా" అన్నాడు అన్నయ్య. "రేపు ఆ పరుపుల గలేబులన్నీ తీసి ఉతికెయ్. ఎప్పట్నుంచో చెప్తున్నా."

మర్నాడు వదిన గలేబులన్నీ ఉతికింది. దగ్గు వచ్చినప్పుడల్లా కుళాయి పెద్దగా తిప్పుకుంటోంది, లోపలికి వినపడకుండా. నేను పిండడానికి రెండో కొస పట్టుకున్నాను. ఆమె కొంగు చివర రూపాయంత ఎర్రటి మరక కనిపించింది. నేను చూడటం చూసి గబుక్కున నీళ్ళలో ముంచింది. "నీ కోటు రంగే. అంటుకుంది" అంది. నా రంగు అలా నీళ్ళకి పోదు. అది పోయింది.

ఆ రోజు నేను బస్సులో కూర్చోలేకపోయాను. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. చెప్తే ఉద్యోగం పోతుంది. పిల్ల వదినకి దూరమవుతుంది. చెప్పకపోతే? నిన్నటిదాకా వదినకి దగ్గడానికైనా చోటుండేది. నా యాసిడ్ దాన్ని కూడా కడిగేసింది. ఇప్పుడు ఆమె రోగానికి ఆమె ఒక్కతే సాక్షి, ఆమె మాట మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వినలేదు.

మేడమ్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ తలెత్తి చూశారు. "నిన్నటి ఆఖరి స్లైడు... నేను ఎక్కువ కడిగాను మేడమ్."

"ఎంత ఎక్కువ?"

"రంగు కనపడకుండా పోయేదాకా. భయమేసింది."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "ఇంకా ఎన్ని కడిగావు అలా?"

"అదొక్కటే మేడమ్."

"నేనెందుకు నమ్మాలి?" అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ రోజు చేసినవన్నీ పెట్టెలోంచి తియ్యి. అన్నిటికీ మళ్ళీ ఎరుపు వెయ్యి, నా ఎదురుగా."

తెల్లబోయిన స్లైడుకి మళ్ళీ ఎరుపు పట్టించవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. క్రిమి ఎక్కడికీ పోదట, రంగే పోతుందట. ఒక్కొక్కటీ వేడి చేసి, కడిగి, ఆపాను. ఆవిడ నా పక్కనే నిలబడి "ఊఁ... ఆపు" అంటున్నారు. కాసేపటికి అనడం మానేశారు. మిగతా స్లైడులు నిన్న ఏం చెప్పాయో అదే చెప్పాయి. ఆఖరిది చూసి మేడమ్ లేచి నాకు కుర్చీ ఇచ్చారు. కన్ను ఆనించాను. నీలం నిండా ఎర్రటి పుల్లలు. ఒకటీ రెండూ కాదు.

"తగ్గిపోతుంది" అన్నారు మేడమ్, నా వెనకనుంచి. "కొన్ని నెలలు మందులు మానకుండా మింగాలి. మొదలుపెట్టాక కొన్ని వారాలకే అంటడం బాగా తగ్గిపోతుంది. అంతదాకా నోటికి గుడ్డ, ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచండి. ఎక్కడికీ పంపించక్కర్లేదు. చిన్నదానికి వేరే పరీక్ష ఉంది, పట్టుకురా. పెద్దవాళ్ళందరివీ కఫం తెప్పించు. ఇలాంటిది ఎవరి దగ్గర మొదలైందో ముఖం చూసి చెప్పలేం." తలుపు దగ్గర ఆపి, "రేపు రావడం మానేస్తావేమో. రా" అన్నారు.

ఇంటికి వెళ్ళగానే ముందు వదినకే చెప్పాను, పెరట్లో. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. ఎందుకు కడిగావని గానీ, ఎందుకు మళ్ళీ చూశావని గానీ అడగలేదు.

"చిన్నదానికి కూడా వచ్చుంటుందా?"

"చూడాలంట."

"అయితే దాచడానికి లేదు" అంది. లేచి కొంగు నోటికి అడ్డం కట్టుకుంది. "పద. నాకు నోరు రాదు. నువ్వు చెప్పు, నేను పక్కన నిలబడతాను."

నోరు రాని ఇద్దరం ముందు గదిలోకి వెళ్ళాం. నేను గోడ మీది మేకు వైపు చూస్తూ చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. అమ్మ చటుక్కున వంగి చిన్నదాన్ని ఎత్తుకుని కిటికీ వైపు జరిగింది. "రేపే వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చెయ్‌రా. వచ్చి తీసుకెళ్తాడు. పిల్ల ఇక్కడే ఉంటుంది."

"నిన్నేమో లేదన్నావు, ఇవాళ ఉందంటున్నావు" అన్నాడు అన్నయ్య నా మీదికి వచ్చి. "నీ రంగులు రోజుకో మాట చెప్తాయా?"

"నిన్నటిది నా తప్పు. ఇవాళ్టిది మేడమ్ చూశారు."

సంచిలోంచి మూడు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి దొర్లితే పట్టి నిలబెట్టాను.

"ఇవెందుకు?"

"పొద్దున్న లేవగానే గళ్ళ ఇందులో పట్టాలి. నీదీ, అమ్మదీ, నాదీ."

"మాకేం రోగమే?" అంది అమ్మ.

"వదిన ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్ళదు కదమ్మా. దాటేది నేనూ, అన్నయ్యా, నువ్వూ. ఎవరు తెచ్చారో ఇంకా తెలియదు. మేడమ్ ఎవర్నీ పంపించక్కర్లేదన్నారు. కాదు, పంపాల్సిందే అంటారా, స్లైడులు చూశాక పంపుదాం. ఎంతమందికి ఉంటే అంతమందినీ."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇప్పుడు కొడతాడేమో అనుకున్నాను. అన్నయ్య డబ్బాల వైపు చూస్తూ నిలబడిపోయాడు. చిన్నది అమ్మ చంకలో గింజుకుంటోంది, వాళ్ళమ్మ ముఖానికి ఆ గుడ్డేమిటో తెలియక. అమ్మ నన్ను చూడలేదు, వదినని చూడలేదు. కొడుకునే చూస్తోంది.

"ఒకవేళ నాకే ఉందనుకో" అంది మెల్లగా. "నాకు పుట్టింట్లో ఎవరున్నార్రా? నన్నెక్కడికి పంపుతావు?"

వదిన వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"ఎక్కడికీ వద్దత్తయ్యా. ఇక్కడే ఉందాం."